హ్యూమిడార్ పర్యవేక్షణ

హ్యూమిడార్ పర్యవేక్షణ అనగా పొగాకు చుట్టలను (సిగార్లను) భద్రపరచే హ్యూమిడార్ అనే పెట్టెలోని ఉష్ణోగ్రతను, గాలిలోని తేమను నిరంతరం కొలుస్తూ, అవి నిర్ణీత హద్దులు దాటకుండా చూసే విధానం. పూర్వం ఇందుకోసం పెట్టె మూతకు అమర్చిన ముల్లుతో కూడిన గుండ్రని ఆర్ద్రతామాపకాన్ని వాడేవారు. బ్యాటరీతో పనిచేసే చిన్న వైర్‌లెస్ సెన్సర్లు చౌకగా లభించడం మొదలైన తరువాత, పెట్టె మూత తెరవకుండానే లోపలి పరిస్థితిని ఫోన్‌లో గాని, కంప్యూటర్‌లో గాని తెలుసుకొనే పద్ధతి వ్యాప్తిలోకి వచ్చింది. ఇదే పద్ధతిని సంగీత వాద్యాలు, పాత పుస్తకాలు, విత్తనాలు, మందులు నిల్వచేసే చోట్ల కూడా ఉపయోగిస్తారు.

హ్యూమిడార్

చుట్ట పూర్తిగా ఆకుతో తయారైన వస్తువు. ఎండిన ఆకు తన చుట్టూ ఉన్న గాలినుండి తేమను పీల్చుకుంటుంది, గాలి పొడిగా ఉన్నపుడు తేమను వదులుతుంది. అందువలన చేతితో చుట్టిన నాణ్యమైన చుట్టలను మూసి ఉన్న పెట్టెలో, సుమారు 65 నుండి 72 శాతం సాపేక్ష ఆర్ద్రత వద్ద, 16 నుండి 21 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రత వద్ద నిల్వ ఉంచుతారు. అమెరికాలో 70 శాతం తేమ, 70 డిగ్రీల ఫారెన్‌హీట్ (సుమారు 21 డిగ్రీల సెల్సియస్) అనే జంట సంఖ్యలు సూత్రంగా స్థిరపడ్డాయి. కొంత తక్కువ తేమను ఇష్టపడేవారు 65 శాతం వద్ద ఉంచుతారు.

పెట్టె లోపలి పూతకు ఎక్కువగా స్పానిష్ సెడార్ అనే కలపను వాడతారు. పేరులో సెడార్ అని ఉన్నా ఇది దేవదారు జాతికి చెందినది కాదు. మధ్య, దక్షిణ అమెరికా, కరిబియన్ దీవులకు చెందిన ఈ చెట్టు శాస్త్రీయ నామం సెడ్రెలా ఒడొరాటా. ఇది వేప, మహాగని చెట్లు చేరిన మీలియేసి కుటుంబానికి చెందినది. ఈ కలప తేమను పీల్చుకొని నిదానంగా వదులుతుంది, సులభంగా వంకరపోదు, దీని వాసన చుట్టలకు నప్పుతుంది. అడవులలో ఈ చెట్లు తగ్గిపోవడం వలన సెడ్రెలా ప్రజాతిని అంతర్జాతీయ వన్యజాతుల వాణిజ్య ఒప్పందపు రెండవ అనుబంధంలో చేర్చారు. ఆ నిర్ణయం 2020లో అమలులోకి వచ్చింది.

హ్యూమిడార్లు పరిమాణాన్ని బట్టి పలు రకాలు:
* ప్రయాణాలలో తీసుకువెళ్ళే చిన్న పెట్టెలు
* బల్లమీద ఉంచే పెట్టెలు
* అలమరల వంటి పెద్ద హ్యూమిడార్లు
* దుకాణాలలో మనుషులు లోపలికి నడిచి వెళ్ళగల గదులు
* శీతలీకరణ సదుపాయం కల విద్యుత్ హ్యూమిడార్లు
* గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బాలతో ఇంటిలో చేసుకొనేవి

చరిత్ర

తేమను కొలిచే సాధనాలు హ్యూమిడార్ కంటే పాతవి. స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త హొరేస్ బెనెడిక్ట్ ద సస్యూర్ 1783లో ప్రచురించిన తన గ్రంథంలో మనిషి వెంట్రుకతో చేసిన ఆర్ద్రతామాపకాన్ని వర్ణించాడు. తేమ పెరిగినపుడు వెంట్రుక కొద్దిగా సాగుతుంది, తగ్గినపుడు కుంచించుకుపోతుంది. ఈ కదలికను ఒక ముల్లుకు అందించడమే అందులోని కిటుకు. మూతకు అమర్చే ముల్లు సాధనాలలో సాధారణంగా తేమకు స్పందించే పూత గల లోహపు చుట్ట స్ప్రింగు వెంట్రుకకు బదులుగా పనిచేస్తుంది.

ఉష్ణోగ్రత, తేమల కొలతలను రేడియో తరంగాల ద్వారా దూరానికి పంపే ప్రయత్నం మొదట వాతావరణ శాస్త్రంలో జరిగింది. 1930 జనవరిలో సోవియట్ శాస్త్రవేత్త పావెల్ మొల్చనోవ్ బెలూనుకు కట్టిన రేడియోసోండ్‌ను ఆకాశంలోకి పంపాడు. 1973లో ఫిన్లాండ్‌కు చెందిన వైసాలా సంస్థ పలుచని పాలిమర్ పొరతో పనిచేసే తేమ సెన్సర్‌ను రూపొందించింది. ఈనాడు ఇళ్ళలో వాడే తేమ సెన్సర్లలో అధిక భాగం ఇదే సూత్రంపై ఆధారపడినవి.

ఇరవయ్యవ శతాబ్దపు తొలి దశాబ్దాలలో లండన్‌లో ఆల్‌ఫ్రెడ్ డన్‌హిల్, తరువాత జెనీవాలో జినో డేవిడాఫ్ వంటి పొగాకు వర్తకులు తమ దుకాణాలలో చుట్టల నిల్వకు ప్రత్యేక ఏర్పాట్లు చేయడంతో హ్యూమిడార్‌కు ప్రాచుర్యం పెరిగింది. ప్రసిద్ధి చెందిన హ్యూమిడార్లలో అమెరికా అధ్యక్షుడు జాన్ ఎఫ్. కెన్నడీకి హాస్యనటుడు మిల్టన్ బెర్ల్ 1961లో బహూకరించినది ఒకటి. 1996 ఏప్రిల్‌లో న్యూయార్క్‌లో జరిగిన సోత్‌బీస్ వేలంలో ఇది 5,74,500 డాలర్లకు అమ్ముడుపోయింది. వేలానికి ముందు దాని విలువను రెండు, మూడు వేల డాలర్ల లోపుగానే అంచనా వేశారు.

2010లో వెలువడిన బ్లూటూత్ 4.0 ప్రమాణంలో తక్కువ విద్యుత్తుతో పనిచేసే కొత్త విధానం చేరింది. దీనితో నాణెమంత బ్యాటరీతో నెలల తరబడి పనిచేసే సెన్సర్ల తయారీ సులభమయింది. హ్యూమిడార్ యజమానులు వీటిని త్వరగానే స్వీకరించారు.

సాపేక్ష ఆర్ద్రత, ఉష్ణోగ్రతల సంబంధం

ఒక ఉష్ణోగ్రత వద్ద గాలిలో ఇమడగల గరిష్ఠ నీటి ఆవిరితో పోల్చినపుడు, వాస్తవంగా ఉన్న ఆవిరి ఎంత శాతమో తెలిపే సంఖ్యే సాపేక్ష ఆర్ద్రత. ఇమడగల ఆవిరి పరిమాణం ఉష్ణోగ్రతతో పాటు వేగంగా పెరుగుతుంది. ఒక ఘనపు మీటరు గాలిలో ఇమడగల ఆవిరి సుమారుగా ఈ విధంగా ఉంటుంది:
* 15 డిగ్రీల వద్ద 12.8 గ్రాములు
* 20 డిగ్రీల వద్ద 17.3 గ్రాములు
* 25 డిగ్రీల వద్ద 23.0 గ్రాములు
* 30 డిగ్రీల వద్ద 30.4 గ్రాములు

20 డిగ్రీల వద్ద 70 శాతం ఆర్ద్రత కల గాలిలో ఘనపు మీటరుకు సుమారు 12.1 గ్రాముల ఆవిరి ఉంటుంది. ఖాళీ పెట్టెలో మూసి ఉంచిన అదే గాలిని 25 డిగ్రీలకు వేడిచేస్తే, నీరు ఏమాత్రం బయటికి పోకపోయినా ఆర్ద్రత సుమారు 53 శాతానికి పడిపోతుంది. 15 డిగ్రీలకు చల్లబరిస్తే సుమారు 94 శాతానికి చేరుతుంది. కనుక ఉష్ణోగ్రత తెలియకుండా తేమ సంఖ్యను మాత్రమే చూస్తే తప్పుడు నిర్ణయానికి దారితీస్తుంది. సెన్సర్ రెండింటినీ కలిపి కొలవవలసిన కారణం ఇదే.

చుట్టలతో నిండిన పెట్టెలో పరిస్థితి కొంత భిన్నం. పది లీటర్ల గాలిలో 70 శాతం ఆర్ద్రత వద్ద ఉండే ఆవిరి బరువు 0.12 గ్రాము మాత్రమే. అదే పెట్టెలోని 50 చుట్టల ఆకులో ఉండే నీరు పదుల గ్రాములు ఉంటుంది. గాలి పొడిబారితే ఆకు, కలప కొంత తేమను వదిలి లోటును పూరిస్తాయి, గాలిలో తేమ హెచ్చితే తిరిగి పీల్చుకుంటాయి. అందుచేత నిండుగా ఉన్న పెట్టెలో తేమ నిలకడగాను, సగం ఖాళీగా ఉన్న పెట్టెలో ఒడుదొడుకులతోను ఉంటుంది. సెన్సర్ కొలిచేది గాలిలోని తేమనే గాని చుట్టలోని తేమను కాదు. మూత తెరచిన నిమిషంలో సెన్సర్ చూపే సంఖ్య పడిపోయినా చుట్టలకు ఏమీ కాదు. అదే సంఖ్య వారం రోజులు తక్కువగా ఉంటే చుట్టలు కూడా ఎండినట్లే భావించాలి.

మరొక ముఖ్యమైన విషయం తుషార స్థానం. 21 డిగ్రీలు, 70 శాతం ఆర్ద్రత కల గాలి సుమారు 15 డిగ్రీల వరకు చల్లబడితే అందులోని ఆవిరి నీటి బిందువులుగా మారుతుంది. గోడకు ఆనించి ఉంచిన పెట్టెలో గాని, శీతలీకరణ ఫలకం ఉన్న అలమరలో గాని ఏదైనా ఒక భాగం ఈ ఉష్ణోగ్రతకు దిగువకు పోతే అక్కడ చెమ్మ చేరి బూజుకు తావవుతుంది. పెట్టె మధ్యలో ఉన్న సెన్సర్ ఆ సమయంలో కూడా 70 శాతమే చూపవచ్చు.

హద్దులు తప్పితే కలిగే నష్టాలు

ఎండిపోవుట: తేమ చాలాకాలం తక్కువగా ఉంటే చుట్ట పైపొర పెళుసై పగులుతుంది. వెలిగించినపుడు వేగంగా, వేడిగా కాలుతుంది. ఆకులోని సుగంధ తైలాలు ఆవిరైపోతాయి. తేమను తిరిగి ఎక్కించినా ఆ తైలాలు తిరిగి రావు. ఎండిన చుట్టలను ఒక్కసారిగా అధిక తేమలో ఉంచితే లోపలి ఆకు, పైపొర వేరువేరు వేగాలతో ఉబ్బి పైపొర చిట్లుతుంది. అందువలన వారాల తరబడి నెమ్మదిగా తేమను పెంచుతారు.

బూజు: ఆర్ద్రత 75 శాతం దాటి కొంతకాలం నిలిస్తే బూజు పట్టే అవకాశం ఎక్కువవుతుంది. బూజు ఒక చుట్టనుండి మరొకదానికి, చివరకు పెట్టె కలపకు పాకుతుంది. కలపలోకి దిగిన బూజును పూర్తిగా తొలగించడం కష్టం. అధిక తేమ వలన చుట్ట ఉబ్బి పొగ సరిగా రాదు, మాటిమాటికీ ఆరిపోతుంది.

పెంకుపురుగు: లాసియోడెర్మా సెర్రికార్న్ అనే శాస్త్రీయ నామం కల సిగరెట్ పెంకుపురుగు రెండు, మూడు మిల్లీమీటర్ల పొడవుండే గోధుమరంగు కీటకం. నిల్వ పొగాకుకే కాక పసుపు కొమ్ములు, ధనియాలు, మిరపకాయలకు కూడా ఇది శత్రువు. ఆడపురుగు 100 వరకు గుడ్లు పెట్టగలదు. గుడ్లు కంటికి కనబడనంత చిన్నవి. పొలంనుండో గోదామునుండో ఆకుతోపాటే ఇవి చుట్టలోకి చేరవచ్చు. ఉష్ణోగ్రత తక్కువగా ఉన్నంతకాలం వీటి ఎదుగుదల దాదాపు నిలిచిపోతుంది. 24, 25 డిగ్రీలు దాటి వేడి నిలకడగా ఉంటే గుడ్లు పొదిగి లార్వాలు ఆకును తొలుస్తూ పోతాయి, 30 డిగ్రీల పైన మరింత త్వరగా పెరుగుతాయి. చుట్టమీద సూదితో పొడిచినట్లు గుండ్రని రంధ్రాలు కనబడే సరికి పురుగు బయటికి వచ్చేసి ఉంటుంది. నివారణకు చుట్టలను సంచిలో మూసి, సున్నాకు దిగువన 18 డిగ్రీల వద్ద కొన్ని రోజులు ఘనీభవింపజేసి, పిదప క్రమంగా మామూలు ఉష్ణోగ్రతకు తెస్తారు. సెడార్ వాసన వలన పురుగు రాదనే నమ్మకంపై ఆధారపడరాదు. వేసవిలో కొన్ని రోజులు ఇల్లు మూసిపెట్టి వెళ్ళినపుడు లోపలి వేడి ఎంతకు చేరిందో, ఎన్ని గంటలు అలా నిలిచిందో తెలిస్తేనే ఈ ముప్పును అంచనా వేయగలరు. ఇది ముల్లు సాధనం చెప్పలేదు, నమోదుచేసే సెన్సర్ మాత్రమే చెప్పగలదు.

సెన్సర్ పనిచేసే విధానం

తేమను కొలిచే చిప్‌లో రెండు ఎలక్ట్రోడ్ల మధ్య పలుచని పాలిమర్ పొర ఉంటుంది. గాలిలోని తేమను బట్టి ఈ పొర నీటి అణువులను పీల్చుకుంటుంది. నీటి రోధక స్థిరాంకం సుమారు 80 కాగా, పాలిమర్‌ది అందులో కొద్ది భాగమే. అందువలన పొరలోకి కొద్దిపాటి నీరు చేరినా ఈ కెపాసిటర్ విద్యుదావేశాన్ని నిలుపుకొనే శక్తి కొలవదగినంతగా మారుతుంది. ఆ మార్పును చిప్ అంకెలుగా మార్చి అందిస్తుంది. అదే చిప్‌లో ఉష్ణోగ్రతను కొలిచే భాగం కూడా ఉంటుంది.

సెన్సర్ల కచ్చితత్వం రకాన్ని బట్టి మారుతుంది. చౌకగా లభించే డీహెచ్‌టీ 11 రకం తేమలో 5 శాతం, ఉష్ణోగ్రతలో 2 డిగ్రీల వరకు అటూఇటూగా చూపవచ్చు. డీహెచ్‌టీ 22 రకంలో ఈ తేడా సాధారణంగా 2 శాతం, అర డిగ్రీ. స్విట్జర్లాండ్‌కు చెందిన సెన్సిరియాన్ సంస్థ తయారుచేసే ఎస్‌హెచ్‌టీ 31 రకంలో 2 శాతం, 0.2 డిగ్రీ. 65, 70 శాతాల మధ్య తేడాను పట్టించుకొనే హ్యూమిడార్‌కు 5 శాతం పొరపాటు చూపే సెన్సర్ పనికిరాదు.

70 శాతం ఆర్ద్రత వద్ద ఒక డిగ్రీ ఉష్ణోగ్రత తేడా సుమారు 4 శాతం ఆర్ద్రత తేడాకు సమానం. సెన్సర్ పక్కనున్న ఎలక్ట్రానిక్ భాగాలు వేడెక్కి చిప్ చుట్టూ గాలి ఒక డిగ్రీ పెరిగినా, అది పెట్టెలోని తేమను 4 శాతం తక్కువగా చూపుతుంది. ఎడతెగక వై-ఫై ప్రసారం చేసే పరికరాలలో ఈ లోపం ఎక్కువ.

వైర్‌లెస్ ప్రసారం

హ్యూమిడార్ సెన్సర్లు ముఖ్యంగా నాలుగు విధాలుగా సమాచారాన్ని పంపుతాయి.

బ్లూటూత్: 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలపై పనిచేస్తుంది. విద్యుత్తు ఖర్చు చాలా తక్కువ. ఫోన్ దగ్గరలో ఉన్నపుడు మాత్రమే కొలతలు అందుతాయి. దూరంనుండి చూడవలసివస్తే ఇంటిలో ఒక గేట్‌వే పరికరం అవసరమవుతుంది.

వై-ఫై: ఇంటి రౌటర్‌తో నేరుగా కలుస్తుంది కనుక గేట్‌వే అవసరం లేదు. అయితే ప్రసార సమయంలో 100 మిల్లీఆంపియర్లకు మించిన విద్యుత్తును తీసుకుంటుంది కనుక బ్యాటరీ త్వరగా తరిగిపోతుంది.

జిగ్‌బీ: 2003లో వెలువడిన 802.15.4 ప్రమాణంపై ఆధారపడినది. పరికరాలు ఒకదానినుండి మరొకదానికి సమాచారాన్ని అందించుకుంటూ వలలాగా పనిచేస్తాయి. పలు గదులున్న దుకాణాలకు అనుకూలం.

తక్కువ పౌనఃపున్య రేడియో: 433, 868 మెగాహెర్ట్జ్ వంటి పౌనఃపున్యాలపై పనిచేస్తుంది. గోడలను బాగా దాటుతుంది. ఏ పౌనఃపున్యాన్ని అనుమతి లేకుండా వాడవచ్చుననేది దేశాన్ని బట్టి మారుతుంది.

బ్యాటరీ జీవితకాలాన్ని సులభంగా లెక్కించవచ్చు. సీఆర్ 2032 అనే నాణెపు బ్యాటరీ సామర్థ్యం సుమారు 220 మిల్లీఆంపియర్ గంటలు. సెన్సర్ సగటున 20 మైక్రోఆంపియర్లు వాడితే ఇది 11,000 గంటలు, అనగా దాదాపు 15 నెలలు వస్తుంది. కొలతలను మరీ తరచుగా ప్రసారం చేసేలా అమరిస్తే ఈ కాలం అదే నిష్పత్తిలో తగ్గుతుంది. హ్యూమిడార్‌లో మార్పులు నెమ్మదిగా జరుగుతాయి కనుక ఐదు, పది నిమిషాలకు ఒక కొలత సరిపోతుంది.

కలప పెట్టె రేడియో తరంగాలను పెద్దగా అడ్డుకోదు. లోహపు గోడలున్న శీతల అలమర మాత్రం తరంగాలను లోపలే బంధిస్తుంది. అటువంటి వాటిలో గాజు తలుపు ఉంటే దానికి దగ్గరగా సెన్సర్‌ను ఉంచుతారు. తేమ నిండిన చుట్టల దొంతరలు కూడా 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలను కొంత బలహీనపరుస్తాయి. సంకేతం తెగినపుడు కొలతలు పోకుండా తమలోనే దాచుకొని తరువాత అందించే సెన్సర్లు ఇటువంటి చోట్ల మేలు.

స్వయంగా తయారు చేసుకొనేవారు 2014లో వచ్చిన ఈఎస్‌పీ 8266, 2016లో వచ్చిన ఈఎస్‌పీ 32 చిప్‌లను వాడతారు. కొలతలను 1999లో రూపొందిన ఎమ్‌క్యూటీటీ అనే విధానం ద్వారా ఇంటిలోని కంప్యూటర్‌కు పంపి, హోమ్ అసిస్టెంట్ వంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌తో గ్రాఫులుగా చూడవచ్చు.

సెన్సర్‌ను సరిచూచుట

కొత్త సెన్సర్‌ను పెట్టెలో ఉంచే ముందు సరిచూడాలి. ఇందుకు వంటింటి ఉప్పు చాలు. సంతృప్త ఉప్పు ద్రావణం పైన మూసి ఉన్న గాలిలో ఆర్ద్రత 25 డిగ్రీల వద్ద 75.3 శాతంగా నిలుస్తుంది, గది ఉష్ణోగ్రత కొద్దిగా మారినా ఈ విలువ దాదాపు మారదు.

# సీసా మూతలో ఒక చెంచా ఉప్పు తీసుకొని, తడి ఇసుకలా అయ్యేవరకు కొన్ని చుక్కల నీరు కలపాలి. ఉప్పు పూర్తిగా కరిగిపోరాదు.
# మూతను, సెన్సర్‌ను ఒకదానికొకటి తగలకుండా గాలి చొరబడని డబ్బాలో గాని సంచిలో గాని ఉంచి మూయాలి.
# ఎండ, పంకా గాలి తగలని చోట 12 నుండి 24 గంటలు కదపకుండా ఉంచాలి.
# తెరవకుండానే ఫోన్‌లో కొలతను చూడాలి. 71 శాతం చూపితే ఆ సెన్సర్ 4 శాతం తక్కువగా చూపుతున్నదని అర్థం. తరువాతి కొలతలకు 4 కలుపుకోవాలి.

వైర్‌లెస్ సెన్సర్‌కు ఈ పరీక్షలో ఒక సౌలభ్యం ఉంది. గ్రాఫ్ గీత సమతలమైనపుడే పరీక్ష పూర్తయినట్లు కచ్చితంగా తెలుస్తుంది. ముల్లు సాధనాలతో ఎప్పుడు చూడాలో ఊహించవలసి వచ్చేది. ఏడాదికొకసారి ఈ పరీక్షను తిరిగి చేయడం మంచిది. కొత్త కలపనుండి వెలువడే ఆవిర్లు, తేమ ద్రావణాలలో కలిపే ప్రొపైలీన్ గ్లైకాల్ వంటివి పాలిమర్ పొరలో చేరి కాలక్రమంలో కొలతను తప్పుదారి పట్టించగలవు.

సెన్సర్‌ను ఉంచవలసిన చోటు

తేమనిచ్చే స్పాంజి గాని ద్రావణపు సంచి గాని పక్కన సెన్సర్‌ను ఉంచితే అది ఎల్లప్పుడూ ఎక్కువ తేమనే చూపుతుంది, అవతలి మూలన చుట్టలు ఎండుతున్నా తెలియదు. చుట్టల మధ్యలో, తేమ వనరుకు దూరంగా ఉంచడం సరియైన పద్ధతి. పెద్ద అలమరలలో పైఅరలో ఒకటి, కిందిఅరలో ఒకటి ఉంచుతారు. రెండింటి మధ్య తేడా ఎక్కువగా ఉంటే గాలి కదలిక చాలడం లేదని, చిన్న పంకా అవసరమని గ్రహించాలి. పోలిక కోసం ఒక సెన్సర్‌ను గదిలో, పెట్టె బయట ఉంచడం వలన కూడా ప్రయోజనం ఉంది. పెట్టెలోని మార్పు గది వలన కలిగిందా, పెట్టె లోపం వలన కలిగిందా అన్నది అప్పుడే తేలుతుంది.

కొలతలను అర్థం చేసుకొనుట

గ్రాఫ్ ఆకారాన్ని బట్టి లోపాన్ని గుర్తించవచ్చు.
* మూత తెరచినపుడు గీత ఒక్కసారిగా మారి, తరువాత గంటలోపు యథాస్థితికి చేరడం సహజం.
* ఉష్ణోగ్రతతోపాటు రోజుకొకసారి అలలా ఊగుతుంటే పెట్టె ఎండ తగిలే చోటనో, ఏసీ గాలి తగిలే చోటనో ఉన్నదని అర్థం.
* వారాల తరబడి గీత నిదానంగా దిగుతూ ఉంటే తేమ వనరులో నీరు అయిపోయి ఉండవచ్చు.
* తేమ వనరును నింపిన తరువాత కూడా గీత గది తేమవైపే పోతుంటే మూత బిగువుగా లేదని అర్థం.
* తేమ పెరుగుతూ 75 శాతం వైపు పోతుంటే తేమ వనరు పెట్టె పరిమాణానికి మించి ఉన్నదని గాని, వానకాలపు గాలి లోపలికి వస్తున్నదని గాని భావించాలి.

కొత్త పెట్టె కలప పొడిగా ఉంటుంది. చుట్టలను వెంటనే ఉంచితే కలపే వాటి తేమను లాగేసుకుంటుంది. అందువలన 84 శాతం ఆర్ద్రతనిచ్చే సంచులను సుమారు రెండు వారాలు లోపల ఉంచి కలపను సిద్ధపరుస్తారు. ఉప్పు ద్రావణం, ఆవిరిని మాత్రమే దాటనిచ్చే పొరతో చేసిన ఇటువంటి సంచులు తేమ తక్కువైనపుడు ఇస్తాయి, ఎక్కువైనపుడు తీసుకుంటాయి. అమెరికాలోని మిన్నెసోటాలో 1997లో మొదలైన బొవెడా సంస్థ ఉత్పత్తులు వీటిలో ప్రసిద్ధమైనవి. స్పాంజి వంటి వాటికి స్వేదన జలాన్నే వాడాలి. కుళాయి నీటిలోని లవణాలు రంధ్రాలను పూడ్చివేస్తాయి.

హెచ్చరికలను అమర్చేటపుడు హద్దులను మరీ దగ్గరగా పెడితే మూత తెరచిన ప్రతిసారీ ఫోన్ మోగుతుంది. కొంతకాలానికి యజమాని హెచ్చరికలనే పట్టించుకోవడం మానేస్తాడు, నిజమైన ప్రమాదం అప్పుడే దాటిపోతుంది. కనుక తేమ 62 శాతం కంటే తగ్గి గాని, 74 శాతం కంటే పెరిగి గాని ఒక గంట నిలిస్తేనే మోగేలా అమర్చడం మంచిది. ఉష్ణోగ్రతకు 24 డిగ్రీలను పైహద్దుగా పెట్టుకోవచ్చు.

పరిమితులు

* సెన్సర్ పరిస్థితిని తెలుపుతుందే గాని సరిచేయదు. బిగువు లేని మూతను, తప్పుచోట ఉంచిన పెట్టెను మనిషే సరిదిద్దాలి.
* బ్యాటరీ అయిపోయిన సెన్సర్ ఏ హెచ్చరికా పంపదు. నిశ్శబ్దాన్ని క్షేమంగా భావించే పొరపాటు జరుగుతుంది. కొలతలు రావడం ఆగిపోయినపుడు కూడా హెచ్చరించే ఏర్పాటు ఉండాలి.
* కరెంటు పోయి రౌటర్ ఆగిపోతే దూరపు సందేశాలు ఆగిపోతాయి. వేడి రోజున ఏసీ ఆగేది కూడా అప్పుడే.
* తయారీదారు సర్వర్‌పైనే పూర్తిగా ఆధారపడిన పరికరాలు ఆ సేవ నిలిచిపోయిన రోజున నిరుపయోగమవుతాయి. కొలతలను ఫోన్‌లో లేదా ఇంటి కంప్యూటర్‌లో నిలుపుకొనే వీలు ఉన్నవి నమ్మదగినవి.

తెలుగు ప్రాంతాలతో సంబంధం

గోదావరి నదీ లంకలలో పండే లంక పొగాకు చుట్టల తయారీకి పేరుపొందినది. ఆర్థర్ కోనన్ డాయల్ 1890లో రచించిన ది సైన్ ఆఫ్ ఫోర్ నవలలో షెర్లాక్ హోమ్స్ బూడిదను బట్టి గుర్తుపట్టే చుట్టలలో భారతదేశపు లంక చుట్ట ఒకటి. పొగాకుపై పరిశోధనల నిమిత్తం 1947లో రాజమండ్రిలో కేంద్ర పొగాకు పరిశోధన సంస్థను స్థాపించారు.

యూరప్, అమెరికా వాతావరణానికి తగినట్లు ఏర్పడిన సూత్రాలు తెలుగు ప్రాంతాలలో యథాతథంగా సరిపోవు. అక్కడి చలికాలంలో వేడిచేసిన గదుల పొడిగాలి ప్రధాన సమస్య కాగా, ఇక్కడ వేసవిలో గది ఉష్ణోగ్రత 30 డిగ్రీలు దాటడం మామూలు. కోస్తాలో వానకాలపు గాలిలో ఆర్ద్రత తరచుగా 80 శాతం మించుతుంది, తెలంగాణ, రాయలసీమలలో వేసవి మధ్యాహ్నాలు మిక్కిలి పొడిగా ఉంటాయి. కనుక ఇక్కడ తేమ కంటే ముందుగా ఉష్ణోగ్రతను గమనించవలసి ఉంటుంది. శీతలీకరణ లేని పెట్టెలో తేమ ఎంత సరిగా ఉన్నా పెంకుపురుగు ముప్పు తప్పదు. ఇదే పురుగు పసుపును కూడా ఆశిస్తుంది కనుక, సుగంధ ద్రవ్యాల గోదాములలో కూడా ఇటువంటి సెన్సర్లు ఉపయోగపడతాయి.

ఆరోగ్యం

హ్యూమిడార్ చుట్ట రుచిని కాపాడగలదే గాని దానివలన కలిగే హానిని తగ్గించలేదు. చుట్ట పొగలో క్యాన్సర్ కారకాలు ఉన్నాయి. పొగను లోపలికి పీల్చకపోయినా నోరు, గొంతు, అన్నవాహిక క్యాన్సర్లు వచ్చే ప్రమాదం పెరుగుతుంది. ఉత్తరాంధ్ర తీరగ్రామాలలో స్త్రీలు చుట్ట నిప్పు ఉన్న కొసను నోటిలో ఉంచుకొని కాల్చే అడ్డపొగ అలవాటుకు, అంగిలి క్యాన్సర్‌కు గల సంబంధాన్ని వైద్య పరిశోధనలు నిర్ధారించాయి. భారతదేశంలో పొగాకు ఉత్పత్తుల అమ్మకాన్ని, ప్రకటనలను, బహిరంగ ప్రదేశాలలో ధూమపానాన్ని 2003 నాటి చట్టం నియంత్రిస్తుంది.

ఇవి కూడా చూడండి

* చుట్ట
* పొగాకు
* సాపేక్ష ఆర్ద్రత
* ఆర్ద్రతామాపకం
* బ్లూటూత్
* ధూమపానం